బాకీ బదిలీ: ప్రకటనలో కనబడని ఖర్చులు

(బరంపురములో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ వేదికపై మనము బడులలో తెలుగు ఉపాధ్యాయుల ఖాళీలను గూర్చియు, పాఠ్యపుస్తకములు సకాలమునకు చేరకుండుటను గూర్చియు చెప్పుకొనుచుందుము. అవి చెప్పుకొనవలసినవే, వచ్చు సంవత్సరము కూడ చెప్పుకొనవలసియే యుండునేమో. ఈ పర్యాయము కార్యవర్గమువారు మమ్ము క్రెడిట్ కార్డు బాకీలను గూర్చి మాట్లాడుమనిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. బ్యాంకు శాస్త్రము మేము చదువలేదు, వడ్డీ లెక్క మాత్రము తెలియును. వర్తకుడు వడ్డీని గూర్చి ఉపన్యసించినచో వినువారికి కొంత అనుమానము కలుగుట సహజమే. ఆ అనుమానమును విడువవలదు. మేము చెప్పు ప్రతి లెక్కను ఇంటికి పోయి కాగితముపై వేసి చూచుకొనుడు.

ఈ విషయము సంఘమునకు ఎందుకు వచ్చినదనగా, ఈ మధ్య మన కార్యాలయమునకు పింఛను దరఖాస్తులు, కుల ధ్రువపత్రముల దరఖాస్తులు వ్రాయించుకొనుటకు వచ్చువారిలో కొందరు, ఆ పని ముగిసిన పిదప, సంచిలోనుండి మరియొక కాగితము తీసి, "ఇది ఏమో చూచి చెప్పుడు" అని అడుగుచున్నారు. అది కార్డు బిల్లు. పాత కార్డు మీది బాకీని క్రొత్త బ్యాంకువారి కార్డునకు మార్చుకొన్నవారి బిల్లు. వడ్డీ లేదని చెప్పిరి గదా, ఈ మొత్తము ఎక్కడిదని వారి ప్రశ్న. కాగితము ఇంగ్లీషులో నుండును. వారికి ఆ సంగతి చెప్పినవారు మాత్రము చక్కని తెలుగులో చెప్పియున్నారు. నేటి మా ప్రసంగమంతయు ఈ రెంటి నడుమనున్న ఎడమును గూర్చియే.

బ్యాంకులవారు దీనిని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అందురు. మనము బాకీ బదిలీ అందము. పని మనకు తెలియనిది కాదు. ఒక సాహుకారు వద్ద హెచ్చు వడ్డీకి ప్రోనోటు వ్రాసియిచ్చినవాడు, మరియొకనివద్ద తక్కువ వడ్డీకి తెచ్చి మొదటివానికి తీర్చివేయుట మన బజారులో తాతల నాటినుండి కలదు. క్రెడిట్ కార్డు సయితము మనకు మరీ క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే ఆ కార్డును వాడుకలోనికి తెచ్చినది. (ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకునందు కలిసిపోయినది, ఆ పేరు మాయమైనందుకు మావంటివారికి కొంత బాధ యున్నది, అది వేరు మాట.) అప్పులో తప్పు లేదు, అప్పును మార్చుకొనుటలోను తప్పు లేదు. ఎంతకు మార్చుకొనుచున్నామో తెలియవలెను, అంతే.

ముందు కార్డు వడ్డీ ఎంతయో చూతము. మనవారు వడ్డీని నెలకు నూటికి రూపాయలలో చెప్పుకొందురు గదా: రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. రెండు దాటినచో ఇరుగుపొరుగువారు ముక్కు మీద వ్రేలు వేసికొందురు. నేడు మన దేశమున పెక్కు కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయలు. మూడు రూపాయల డెబ్బదియైదు పైసలు పుచ్చుకొను కార్డులును కలవు. అనగా సాలుకు నూటికి 42 లేక 45. బ్యాంకు ఇచ్చు ఇతర అప్పులలో వడ్డీ మీద జీఎస్టీ లేదు. క్రెడిట్ కార్డు వడ్డీ మీద మాత్రము 18 శాతము కలదు. కావున మూడున్నర రూపాయల వడ్డీ పన్నుతో కలిసి నాలుగు రూపాయల పదమూడు పైసలగును. ఇదే వడ్డీని మన పెద్దబజారులో ఒక వర్తకుడు అడిగినయెడల అతనిని ఏమందురో మీకు తెలియును.

ఇంత వడ్డీకి పైమెట్టు లేదా యని అడుగవచ్చును. సాలుకు 30 శాతము మించి పుచ్చుకొనుట అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో చెప్పినది. సుప్రీము కోర్టు 2024 డిసెంబరులో ఆ ఉత్తరువును కొట్టివేసినది. వడ్డీ రేట్ల విషయము రిజర్వు బ్యాంకు చూచుకొనవలసినదని దాని భావము. అనగా, పైమెట్టు లేని ఈ వ్యవహారములో మనకు గల రక్షణ ముఖ్యముగా ఒకటే: ఇచ్చువాడు ముందుగా, దాపరికము లేకుండ, పుచ్చుకొనువానికి బోధపడునట్లు చెప్పుట. అది సరిగా జరుగకున్నచో మిగిలినదేమియు మనకు అక్కరకు రాదు.

ఇప్పుడు ప్రకటనను తీసికొందము. "మీ పాత కార్డు బాకీని మాకు మార్చుడు, మూడు నెలలు వడ్డీ లేదు" అని దాని సారాంశము. సున్న పెద్దది, రంగుతో నిండినది. లెక్క సులభమగుటకు బాకీ లక్ష రూపాయలనుకొందము. ఏర్పాటు రుసుము నూటికి రెండు అనుకొందము. బ్యాంకును బట్టి, సమయమును బట్టి అది హెచ్చుతగ్గులుగా నుండును. లక్షకు 2,000 రూపాయలు. దానిపై జీఎస్టీ 360. మొత్తము 2,360. ఇది మూడు నెలలకు పడిన ఖర్చు. సాలుకు లెక్క వేసినయెడల నూటికి సుమారు తొమ్మిదిన్నర. అనగా సున్న కాదు, నెలకు ముప్పాతిక రూపాయి పైచిలుకు వడ్డీ. పేరు మాత్రము వడ్డీ కాదు, రుసుము. మన బజారులో సయితము వడ్డీ ముందుగా పట్టుకొని మిగిలిన సొమ్ము చేతికిచ్చు పద్ధతి కలదు. ఆ పట్టుకొన్నదానిని వడ్డీ కాదని చెప్పిన సాహుకారును మేము ఇంతవరకు చూడలేదు.

న్యాయము చెప్పవలెనన్నచో, ఇంతవరకు ఈ బేరము చెడ్డది కాదు. పాత కార్డు మీదనే ఉంచినయెడల, లక్షకు నెలకు 4,130 చొప్పున మూడు నెలలలో 12,000 పైన పోయెడిది. 2,360తో తేలినది. పది వేలు మిగిలినవి. మూడు నెలలలోపల లక్షయు తీర్చగలవానికి, ఆ మూడు నెలలు ఆ కార్డును ముట్టనివానికి ఇది మేలే. ప్రకటన అబద్ధమని మేము అనుట లేదు. ఆ మేలు ఏ షరతులపై నిలిచియున్నదో ఆ షరతులు సున్న ప్రక్కన లేవని అనుచున్నాము.

ఆ షరతులలో మొదటిది గడువు. పాత బాకీని మూడున్నర వడ్డీకి మోయుచున్నవాడు మూడు నెలలలో లక్ష ఎక్కడనుండి తెచ్చును? తేగలిగినవాడైనచో బాకీ అంతవరకు వచ్చియుండదు గదా. నాలుగవ నెలనుండి మిగిలిన మొత్తముపై మామూలు వడ్డీ ఆరంభమగును. లక్షలో ముప్పది వేలు తీర్చి డెబ్బది వేలు మిగిలినచో, నెలకు 2,891 రూపాయలు వడ్డీ, పన్ను కలిపి. "కనీసము ఇంత కట్టిన చాలును" అని బిల్లులో ఒక అంకె యుండును. పూర్తి లక్షకు వడ్డీతో కలిపి నూటికి అయిదు, అనగా 5,000 కట్టుమన్నారనుకొందము. అందు 4,130 వడ్డీకిని పన్నుకును పోగా, అసలులో తగ్గినది 870. ఈ నడకతో ఆ బాకీ ఎప్పుడు తీరునో మీరే ఊహింపుడు. కనీసపు మొత్తము కట్టినవానికి ఆలస్య రుసుము తప్పును, వడ్డీ తప్పదు. ఈ తేడా తెలియనివారు మనలో చాలమంది యున్నారు. చదువుకొన్నవారును ఉన్నారు.

రెండవది మరింత సూక్ష్మమైనది. మా దృష్టిలో అన్నిటికన్న హెచ్చు నష్టము చేయునది ఇదియే. కార్డుతో సరకు కొన్నయెడల సుమారు నలువది, యేబది దినములు వడ్డీ లేని గడువు కలదని మనమందరము వినియున్నాము. ఆ గడువు ఎవరికి? వెనుకటి బిల్లును పూర్తిగా తీర్చినవానికి మాత్రమే. కార్డు మీద బాకీ నిలిచియున్న నెలలో కొన్నదానికి, కొన్న దినమునుండియే వడ్డీ నడచును. బదిలీ చేసికొన్న లక్ష కూడ నిలిచియున్న బాకీయే యని పెక్కు బ్యాంకులు లెక్కించును. ఒక ఇంటిలో దసరాకు బట్టలు ఇరువది వేల రూపాయలకు ఆ క్రొత్త కార్డుతోనే కొన్నారనుకొనుడు. వడ్డీ లేని కార్డు గదా యని వారి ధైర్యము. నలువదియైదు దినములకు ఆ ఇరువది వేలు పూర్తిగా కట్టినారు. అయినను సాలుకు 42 చొప్పున వడ్డీ 1,035 రూపాయలు, దానిపై పన్ను 186. ఒక్క దినమైనను ఆలస్యము చేయనివానికి పండ్రెండు వందల రూపాయల పైన పోయినవి. బట్టల అంగడివారము గనుక మేము చెప్పుచున్నాము, ఆ సొమ్ముతో ఆ ఇంటిలో మరియొకరికి బట్టలు వచ్చియుండెడివి.

ఇది మన దేశములోనే యున్న చిక్కు కాదు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగములకు అమెరికా పోవుచున్నారు గనుక అక్కడి సంగతియు చెప్పెదము. అక్కడ బదిలీ రుసుము సాధారణముగా నూటికి మూడునుండి అయిదు వరకు పుచ్చుకొందురు. 2009లో వారు చేసిన కార్డు చట్టము ప్రకారము ప్రచారపు తక్కువ వడ్డీ కనీసము ఆరు నెలలు నిలువవలెను. కనీసపు మొత్తమునకు మించి కట్టిన సొమ్మును హెచ్చు వడ్డీ గల బాకీకే ముందు జమ కట్టవలెను. అంతకు పూర్వము తక్కువ వడ్డీ బాకీకి జమ కట్టి, హెచ్చు వడ్డీ బాకీని అట్లే పెరుగనిచ్చుట అక్కడి బ్యాంకుల వాడుక. అంత చట్టము వచ్చిన పిదపను, 2014 సెప్టెంబరులో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ కార్డు కంపెనీలకు హెచ్చరిక పంపవలసి వచ్చినది. బదిలీ చేసికొన్నవారు క్రొత్త కొనుగోళ్ళపై వడ్డీ లేని గడువును పోగొట్టుకొందురని స్పష్టముగా చెప్పకుండ ప్రచారము చేయుట మోసపుచ్చుట క్రిందికి రావచ్చునని దాని సారాంశము. కనుక ఈ ఇరువది వేల బట్టల లెక్క మేము కల్పించిన భయము కాదు.

మూడవది బదిలీ జరుగు దినముల సంగతి. క్రొత్త బ్యాంకు సొమ్ము పాత బ్యాంకునకు చేరుటకు కొన్ని దినములు పట్టును. ఆ లోపల పాత కార్డు గడువు తేదీ దాటినచో అక్కడ ఆలస్య రుసుము పడును. బదిలీకి సంతకము చేసితిమి గదా యని పాత బిల్లు కట్టుట మానరాదు. పాత ఖాతాలో సొమ్ము జమ అయినదని వ్రాతమూలకముగా చూచుకొన్న పిమ్మట మాత్రమే ఆ మాట మరువవలెను. జమ యయిన తరువాత మరియొక ఆకర్షణ యున్నది: పాత కార్డు ఖాళీ అయినది, వాడుకొనవచ్చును! ఒక బాకీ రెండు బాకీలగుట ఇట్లే. వలదనుకొన్నయెడల ఆ కార్డును మూయించివేయవలెను. బాకీ లేని కార్డును మూయుమని కోరినచో ఏడు పని దినములలో మూయవలెననియు, జాగు చేసిన బ్యాంకు దినమునకు 500 రూపాయల చొప్పున ఖాతాదారునకు ఇచ్చుకొనవలెననియు రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది.

ఇంకొక రకము ప్రకటన కలదు. సున్న కాదు, "నెలకు ఒక్క శాతమే, పండ్రెండు వాయిదాలు" అని యుండును. రూపాయి వడ్డీ గదా, ధర్మవడ్డీయే యని మనవారు సంతోషింతురు. ఇక్కడ అడుగవలసిన మాట ఒకటి కలదు: ఆ ఒక్క శాతము తగ్గుచున్న అసలు మీదనా, మొదటి అసలు మీదనా? మొదటి అసలు మీదనే యైనచో లక్షకు నెలకు వేయి చొప్పున పండ్రెండు వేలు. కాని మనము నెలనెలా అసలులో 8,333 రూపాయలు తిరిగి ఇచ్చుచున్నాము. సంవత్సరము పొడుగున మన చేతిలో సగటున నున్న సొమ్ము లక్ష కాదు, యేబదినాలుగు వేల పైచిలుకు మాత్రమే. తీర్చివేసిన అసలునకు కూడ వడ్డీ కట్టుచున్నాము. నిజమైన వడ్డీ సాలుకు పండ్రెండు కాదు, సుమారు ఇరువదియొకటిన్నర. వడ్డీపై జీఎస్టీ 2,160, రుసుము పన్నుతో కలిపి 2,360 చేర్చినచో, పండ్రెండు వేలనుకొన్న ఖర్చు 16,520 అగును. చిట్టా వ్రాయు గుమాస్తా ఎవరైనను ఈ లెక్క అర గడియలో వేయగలడు. ప్రకటన వ్రాసినవారికి తెలియదని మేమనుకొనము.

మన పేటలోని ఒక ఇంటి సంగతి చెప్పెదము. పేరు చెప్పము, బ్యాంకు పేరును చెప్పము. ఆ యింటి పిల్లవాడు బదిలీ చేసికొన్నాడు. వడ్డీ లేదనుచు ఫోనులో చెప్పినవారి మాట అతనికి బాగుగా జ్ఞాపకమున్నది: "అన్నయ్యగారూ, మూడు నెలలు ఒక్క పైసా వడ్డీ పడదండీ, మీరు నిశ్చింతగా ఉండండి." అతడు నిశ్చింతగానే యుండెను. మొదటి బిల్లులో రుసుమును పన్నును మాత్రమే పడినవి. మూడు నెలలు కట్టనక్కరలేదను భావముతో అతడు దానిని చూడలేదు. గడువు దాటినది, ఆలస్య రుసుము పడినది. ఒక్క పర్యాయము తప్పినను ప్రత్యేక వడ్డీ రద్దగునని షరతులలో ఎక్కడనో యున్నది. రెండవ బిల్లునుండి మామూలు వడ్డీ ఆరంభమైనది. రెండు వేల మూడు వందల చిల్లర కట్టకపోవుటవలన పదివేల లాభము పోయినది. ఆ బ్యాంకువారిని మేము అడిగితిమి. "కాగితములో వ్రాసియే యున్నది, సంతకము చేసియే యున్నాడు" అని సమాధానము. అది నిజమే. పదునాలుగు పుటల కాగితము, ఇంగ్లీషు కాగితము. ఒడియా బడిలో చదివి, ఇంట తెలుగు మాట్లాడుకొను పిల్లవాడు అతడు. అతనిని ఒప్పించుటకు మాత్రము తెలుగువారినే నియమించిరి.

ఇక్కడనే మన సంఘమునకు పని యున్నది. గంజాం మండలము 1936లో మద్రాసు రాజధానినుండి ఒడిస్సాలో చేరిన నాటినుండి మనకు ఈ అనుభవము కలదు: మనతో పని యున్నప్పుడు మన భాష వచ్చును, మనకు పని యున్నప్పుడు రాదు. షోలాపురములోని మన నేతవారికి, హోసూరులోను బళ్ళారిలోను గల మన కుటుంబములకు ఇదే స్థితి. యానాములోని సోదరులది వేరు, అక్కడ స్థానిక భాష తెలుగే. కార్డు షరతులు తేలికయైన భాషలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషలలో నుండవలెనని రిజర్వు బ్యాంకు చెప్పినది. మంచిదే. కాని స్థానిక భాష అనగా బరంపురమున ఒడియా, షోలాపురమున మరాఠీ. మనము స్థానికులమే, తరతరములుగా స్థానికులము. మన భాష మాత్రము ఆ లెక్కలోనికి రాలేదు.

అయినను మనము పట్టుకొనదగిన ఆధారము ఒకటి కలదు. అది సంఘ సభ్యులందరును తెలిసికొనవలసినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ, 2022 జూనులో మోసపు ప్రకటనలను నివారించుటకు మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. ప్రకటనలోని ప్రధాన వాక్యము ఏ భాషలో నున్నదో, దాని షరతు కూడ ఆ భాషలోనే యుండవలెను. అక్షరముల తీరు కూడ అదే యుండవలెను. ముఖ్యమైన సంగతిని షరతులో దాచరాదు. ప్రధాన వాక్యము గొంతుతో వినిపించినయెడల షరతు ఆ మాటలతో కలిసి, అదే వేగమున కనబడవలెను. సూత్రములు మీరినవారికి మొదటి పర్యాయము పది లక్షల వరకు, తిరిగి మీరినచో యేబది లక్షల వరకు అపరాధము వేయు అధికారము చట్టములో కలదు. స్థానిక భాష ఏదను ప్రశ్నయే ఇక్కడ లేదు. తెలుగులో ఆశ చూపినవాడు తెలుగులోనే షరతు చెప్పవలెను. మన చేతికి వచ్చిన తెలుగు కరపత్రము అడుగున ఇంగ్లీషు చీమలబారు కనబడినచో, ఆ కరపత్రమే సాక్ష్యము. దానిని చింపవలదు, పొట్లము కట్టవలదు, కార్యాలయమునకు తెచ్చియిండు.

రిజర్వు బ్యాంకు 2022 ఆదేశములలో మరి కొన్ని సంగతులు మనకు పనికివచ్చును. కొనుగోళ్ళకు, బాకీ బదిలీకి, నగదు తీసికొనుటకు వడ్డీ వేరువేరుగా నున్నయెడల, ఒక్కొక్కదానికి సాలుసరి వడ్డీ చూపవలెను. లెక్క వేయు తీరును ఉదాహరణలతో చెప్పవలెను. బదిలీ అను మాట ఆదేశములోనే యున్నది. ముఖ్య విషయములను ఒక్క పుటలో చూపు పత్రము దరఖాస్తుతో ఇవ్వవలెను. కట్టని రుసుములను, పన్నులను అసలులో కలిపి వాటిపై వడ్డీకి వడ్డీ వేయరాదు. కావున ఫోను చేసినవారిని కోపగించుకొననక్కరలేదు. వారును మన పిల్లలవంటి జీతగాండ్రే. "నాయనా, లక్షకు మూడు నెలలలో మొత్తము ఎన్ని రూపాయలు పడును? ఆ మూడు నెలలలో ఆ కార్డుతో సరకు కొన్నచో వడ్డీ ఏ దినమునుండి? నాలుగవ నెల వడ్డీ ఎంత? ఈ మూడు సంగతులు వ్రాసి పంపుము" అని అడుగుడు. శాతములు అడుగవలదు, రూపాయలు అడుగుడు. వ్రాసి పంపినవానితో బేరము ఆలోచింపవచ్చును. ఫోను మాటకు సాక్ష్యము లేదు.

మన వర్తక సోదరులకును ఒక మాట. పండుగల దినములలో మన అంగళ్ళ ముందర "వడ్డీ లేని వాయిదాలు" అను పలకలు వ్రేలాడుచున్నవి. సున్న వడ్డీ యనునది లేనేలేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పియున్నది. రొక్కమిచ్చువానికి రావలసిన తగ్గింపు వాయిదావానికి ఇవ్వక, దానినే వడ్డీగా బ్యాంకునకు కట్టుట జరుగుచున్నది. వాయిదాలలో అసలెంత, వడ్డీ యెంత, అంగడివాడు తగ్గించినదెంత అని విడివిడిగా చూపవలెనని 2022 ఆదేశము చెప్పినది. ఆ పలక మీద రొక్కపు ధరయు వాయిదా ధరయు ప్రక్కప్రక్కన వ్రాసిన నేమి? బేరము తగ్గునని కొందరనిరి. తగ్గవచ్చును. బ్యాంకులను అడుగబోవు సంఘములో మనమున్నాము గనుక ముందు మన పలకలు మార్చుకొనవలెనని వర్తకుల ఉపసంఘము ముందర మేము ప్రతిపాదన పెట్టియున్నాము. చర్చ జరుగుచున్నది.

ఫిర్యాదు చేయు మార్గము క్లుప్తముగా చెప్పెదము. మొదట బ్యాంకునకే వ్రాసి, ఆ ప్రతిని, తేదీని ఉంచుకొనవలెను. ముప్పది దినములలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తి కలిగింపకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ప్రకటనను గూర్చిన ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు ఫోను అంకె 1915. ఫిర్యాదు ఏ భాషలో వ్రాయవలెనని అడుగుచున్నారు. మన రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, కేంద్ర ప్రభుత్వపు అధికారికి గాని, రాష్ట్ర ప్రభుత్వపు అధికారికి గాని, దేశములో గాని ఆ రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును విన్నవించుకొను హక్కు ప్రతి పౌరునకు కలదు. బడుల విషయమై ఈ అధికరణమును మనము ఎన్నియో అర్జీలలో ఉదహరించితిమి. వడ్డీ విషయమై ఉదహరించినవారు మనలో లేరు. ప్రాధికార సంస్థకు పంపు మొదటి అర్జీ తెలుగులోనే వ్రాయుదము. ఇంగ్లీషు ప్రతిని జతపరచుదము, పని చెడగొట్టుకొనుట మన ఉద్దేశము కాదు గదా.

కార్యవర్గము తీర్మానించినదానిని తెలిపి విరమించెదము. వచ్చు నెలనుండి ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిదినుండి పదకొండు వరకు సంఘ కార్యాలయములో ఇద్దరు కూర్చుందురు. ఒకరు బ్యాంకు ఉద్యోగము చేసి విశ్రాంతి తీసికొన్నవారు, రెండవవారము మేము. కార్డు బిల్లులు, బదిలీ కాగితములు తెచ్చినయెడల చదివి, తెలుగులో చెప్పి, మొత్తము ఖర్చు రూపాయలలో ఒక చీటీపై వ్రాసి ఇత్తుము. స్త్రీలు తమ ఇంటి బిల్లులను తామే తెచ్చుకొనవచ్చును. మగవారు వెంట రానక్కరలేదు. గత మూడు నెలల బిల్లులు, బదిలీకి ముందు వచ్చిన కరపత్రము గాని సెల్‌ఫోను సందేశము గాని యున్నచో అదియు తేవలెను. కార్డు వెనుకనున్న మూడు అంకెలు, రహస్య సంఖ్య, ఫోనునకు వచ్చు ఓటీపీ మాకు గాని మరెవ్వరికి గాని చెప్పవలదు, కాగితముపై వ్రాసియు తేవలదు. పర్లాకిమిడి, రాయగడ, జయపురములనుండి రాలేనివారు నకలు ప్రతులను తపాలాలో పంపవచ్చును. అసలు ప్రతులు పంపవలదు.